బ్యాండుకి పేరు పెట్టడం ఎలా: లెడ్ జెపెలిన్ తీసేసిన ఒక్క అక్షరం

1968లో గిటారిస్టు జిమ్మీ పేజ్ దగ్గర మనుషులు కొత్తవాళ్లు, పేరు మాత్రం పాతది. అతని పాత బ్యాండు యార్డ్‌బర్డ్స్ విడిపోయింది గానీ, స్కాండినేవియాలో ఒప్పుకున్న ప్రదర్శనలు మిగిలిపోయాయి. రాబర్ట్ ప్లాంట్, జాన్ బోనమ్, జాన్ పాల్ జోన్స్‌లను కలుపుకుని సెప్టెంబరులో పాత పేరు మీదే ఆ పని ముగించుకొచ్చాడు. ఆ పేరు ఆ ప్రదర్శనల వరకే, ఇక వాడటానికి వీల్లేదని పాత బ్యాండులోని క్రిస్ డ్రెజా అభ్యంతరం చెప్పాడు. దాంతో కొత్త పేరు వెతుక్కోక తప్పలేదు.

అంతకు రెండేళ్ల ముందు పేజ్, ద హూ బ్యాండు వాళ్లతో కలిసి కొత్త బ్యాండు కడదామన్న మాట నడిచినప్పుడు, అది సీసంతో చేసిన బుడగలా కిందికే పోతుందని వాళ్లలో ఒకరు అన్నారు. ఆ మాట కీత్ మూన్‌దని కొందరు, జాన్ ఎంట్విసిల్‌దని కొందరు చెబుతారు. బుడగ స్థానంలోకి జెపెలిన్ వచ్చింది, అంటే జర్మన్ల భారీ గాలి ఓడ. ఇంగ్లీషులో సీసాన్ని ఎల్-ఇ-ఎ-డి అని రాస్తారు. అవే అక్షరాలను ‘లీడ్’ అని కూడా చదువుతారు. అలా చదివితే మాటలోని పస పోతుంది. అందుకని మేనేజర్ పీటర్ గ్రాంట్ మధ్యలోని ‘ఎ’ తీసేయించాడు. మిగిలిన మూడు అక్షరాలను ఎవరు చదివినా ‘లెడ్’ అనే అంటారు.

బెంగళూరులో తెలుగు పేరుతో బ్యాండు కట్టేవాళ్లు పట్టుకోవాల్సింది ఈ పనినే. తెలుగులో రాసింది రాసినట్టే చదువుతాం కాబట్టి ఈ చిక్కు మనకు లేదనిపిస్తుంది. కానీ మీ పేరు జనానికి చేరేది పోస్టరు మీద, ఫోన్ సెర్చ్‌లో, పాటల యాప్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే. తెలుగు పేర్లు చాలావరకు దెబ్బతినేది అక్కడే.

ముందు జాబితా

తక్కువలో తక్కువ ముప్పై పేర్లు రాసుకోండి. పదితో ఆగితే వాటిలో ఎనిమిది అందరికీ తట్టేవే ఉంటాయి: రాగం, నాదం, స్వరం, వాటి చుట్టాలు. ఇవన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో వాడేసినవి. పేరు కోసం నిఘంటువు తిరగేసేకన్నా చుట్టుపక్కల చూడటం మేలు. యంగ్ సోదరుల అక్క మార్గరెట్ కుట్టుమిషను మీద చూసిన అక్షరాలే వాళ్ల బ్యాండుకి ఏసీ/డీసీ అనే పేరయ్యాయి. బర్మింగ్‌హామ్‌లో ఎర్త్ అనే పేరుతో ఆడుతున్న కుర్రాళ్లను జనం అదే పేరున్న ఇంకో బ్యాండు అనుకుంటుంటే, 1969లో ఒక భయానక సినిమా పేరు తీసుకుని బ్లాక్ సబ్బత్ అయ్యారు. మన ఊళ్లోనే చూస్తే, 1996లో మొదలైన థర్మల్ అండ్ ఎ క్వార్టర్ అనే బ్యాండు పేరు, సభ్యుల్లో ముగ్గురు పూర్తి మలయాళీలు, ఒకరు పావు మలయాళీ అన్న లెక్క మీద అల్లిన మాట.

వడపోతకి ఓట్లు వేసేటప్పుడు ‘ఏది ఎక్కువ నచ్చింది’ అని అడిగితే నలుగురూ నాలుగు చెబుతారు, గొడవ తేలదు. ‘ఏది అసలు వద్దు’ అని అడగండి. తమకు తెలిసిన స్టీవ్ ఎవెరిల్ సూచించిన ఆరు పేర్లలో యూటూ బ్యాండు వాళ్లు అందరికీ తక్కువ అయిష్టంగా ఉన్నదాన్నే ఎంచుకున్నారు. ఒక్కరైనా ‘నేను ఈ పేరు నలుగురిలో చెప్పలేను’ అంటే దాన్ని కొట్టేయండి. పదేళ్లపాటు ఆ మనిషే మైకులో ఆ పేరు చెప్పాలి.

చెవి పరీక్ష

జాబితా ఏడెనిమిదికి దిగాక, పేరును రాతలో చూడని ఐదుగురికి ఫోన్ చేయండి. వాట్సాప్‌లో పంపొద్దు, నోటితో చెప్పండి. ‘విన్నది ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపు’ అనండి. ఐదుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు, ఒక కన్నడిగుడు, ఒక తమిళుడు, హిందీ వాతావరణంలో పెరిగినవాళ్లు ఒకరు ఉండాలి. మారతహళ్లిలోనో బీటీఎంలోనో ఉండేవాళ్లకు ఐదుగురూ ఒకే ఆఫీసులో దొరుకుతారు.

ఉదాహరణకు ‘తీగ’ తీసుకుందాం. గిటార్ వాళ్లకు ఎంత మంచి పేరు! తంతీ అదే, లతా అదే. ఇప్పుడు స్పెల్లింగులు చూడండి. దక్షిణాదివాళ్లు ‘త’కు టి-హెచ్ వాడతారు కాబట్టి టి-హెచ్-డబుల్ ఇ-జి-ఎ అని రాస్తారు. హిందీ అలవాటున్నవాళ్లు దాన్ని ‘థీగా’ అని చదువుతారు. వాళ్ల కోసం హెచ్ తీసేస్తే మనవాళ్లు ‘టీగ’ అంటారు. పొట్టిగా ఉంటుందని టి-ఐ-జి-ఎ పెడితే, ఆ స్పెల్లింగుతో మాంట్రియల్ డీజే ఒకాయన ఎప్పటినుంచో ఉన్నాడు. సెర్చ్‌లో మీకంటే ముందు ఆయనే వస్తాడు. సరే, గిటారుకి ఆరు తీగలు, మనం ‘ఏడో తీగ’ అందామా? ఇ-డి-ఓ అని రాశాక అది ఏడో కావచ్చు, ఏదో కావచ్చు. ‘ఏదో తీగ’ అని పిలిపించుకోవాలని ఎవరూ అనుకోరు. ‘మేడ మీద’కూ ఇదే గతి. టెర్రస్ మీద సాధన చేసే బ్యాండుకి అందమైన పేరే గానీ, చదివేవాళ్లకు ‘మెడ మీద’ అవుతుంది.

కారణం సూటిగా ఉంది. ఇంగ్లీషు లిపి మన త-ట తేడాను, ద-డ తేడాను, ల-ళ, న-ణ తేడాలను, హ్రస్వ దీర్ఘాలను స్థిరంగా పట్టలేదు. ఇవి ఎన్ని ఉంటే అన్ని స్పెల్లింగులు పుడతాయి. కాబట్టి పేరులో మ, న, ప, బ, ర, స, క, గ, జ వంటి అక్షరాలు, పొట్టి అచ్చులు ఎక్కువగా ఉండేలా చూడండి. ‘మిరప’ అని ఫోన్లో చెబితే ఐదుగురూ ఒకేలా రాస్తారు. ‘అరుగు’ కూడా అంతే. ఐదింటిలో నాలుగు స్పెల్లింగులు కలిస్తే పేరు నిలుస్తుంది. మూడు కలిస్తే ఆ స్పెల్లింగే ఖాయం చేసుకుని, మిగతా రెండు స్పెల్లింగులతోనూ ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు తెరిచి మీ అసలు పేజీ వైపు చూపించండి. రెండే కలిస్తే వదిలేయడమే. మనసొప్పకపోయినా వదిలేయండి.

ఇంకో పరీక్ష మైకుది. జామ్ రూములో, అంటే సాధన గదిలో, డ్రమ్స్ మోగుతుండగా పేరు చెప్పి, తలుపు దగ్గర నిలబడ్డ మనిషికి ఏం వినిపించిందో అడగండి. శ, ష, స ఒకటైపోతాయి. ఒత్తులు మాయమవుతాయి. మాట చివర హల్లుతో ఆగే పేరు డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి తాళాల (సింబల్స్) మోతలో తెగిపోతుంది. అచ్చుతో ముగిసేది సాగదీసి చెప్పొచ్చు కాబట్టి వెనక వరస దాకా పోతుంది. ఈ విషయంలో తెలుగు పేర్లకు పుట్టుకతోనే అనుకూలం ఉంది.

పక్క భాషల్లో అర్థం

బెంగళూరులో ఇది వదిలేస్తే మొదటి ప్రదర్శన రోజే బయటపడుతుంది. ‘ఎండ’ అని పేరు పెట్టారనుకోండి. కన్నడంలో ‘హెండ’ అంటే కల్లు, సారా. వీధి మాటలో ‘హ’ జారిపోయి ‘యెండ’ అవుతుంది. మీరు వేసవి గురించి పాడుతుంటారు, వినేవాళ్లు ఇంకేదో అనుకుంటారు. మన ‘పాలు’ కన్నడంలో వాటా. మన అవ్వ అమ్మమ్మో నాయనమ్మో, ఉత్తర కర్ణాటకలో అవ్వ అంటే అమ్మ. ‘పూచీ’ అంటే మనకు హామీ, తమిళుల చెవికి పురుగు. అర్థం మారినంత మాత్రాన పేరు చెడిపోదు. ‘అవ్వ’కు రెండు భాషల్లోనూ గౌరవమే ఉంది. ఎగతాళికి దారి తీసేదాన్నే మానుకోవాలి. కన్నడం, తమిళం, హిందీ, మలయాళం తెలిసినవాళ్లు ఒక్కొక్కరిని అడగండి. మాండలికం తెలిసినవాళ్లయితే ఇంకా మంచిది.

ఇంకెవరిదైనా అవునా?

లింకిన్ పార్క్ వాళ్లు మొదట శాంటా మోనికాలోని లింకన్ పార్క్ పేరే అనుకున్నారు. ఆ స్పెల్లింగుతో వెబ్ చిరునామా కొనే స్తోమత లేక అక్షరాలు మార్చారు. బ్లింక్ అనే ఐరిష్ బ్యాండు అప్పటికే ఉండటంతో అదే పేరు పెట్టుకున్న కాలిఫోర్నియా కుర్రాళ్లు పేరు చివర 182 తగిలించుకున్నారు. పింక్ ఫ్లాయిడ్ వాళ్లయితే టీ సెట్ అనే పేరుతో ఒక ప్రదర్శనకు వెళ్లేసరికి అక్కడ ఇంకో టీ సెట్ ఉంది. బ్యాండులోని సిడ్ బారెట్ తన దగ్గరున్న రికార్డుల్లోని ఇద్దరు బ్లూస్ గాయకులు పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ పేర్లు జోడించి అప్పటికప్పుడు గండం గడిపాడు.

అంతదాకా రాకుండా స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, జియోసావన్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ ఐదింటిలోనూ మీకొచ్చిన ప్రతి స్పెల్లింగునూ వెతకండి. అదే పేరుతో ఎక్కడో ఒక కళాకారుడు ఉంటే, మీ మొదటి పాట ఆయన పేజీలోకి వెళ్లి పడే ప్రమాదం ఉంది. పాట అప్‌లోడ్ చేసేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ (పాటను యాప్‌లకు చేర్చే సంస్థ) ఫారంలో కొత్త ఆర్టిస్ట్ ప్రొఫైల్ అన్నదే ఎంచుకోండి. తప్పు పేజీలో పడితే డిస్ట్రిబ్యూటర్‌కి రాసి మార్పించుకోవచ్చు గానీ, విడుదల రోజు విన్నవాళ్ల లెక్కంతా వేరే వాళ్ల ఖాతాలో పడిపోయి ఉంటుంది.

తర్వాత ట్రేడ్‌మార్క్. కేంద్ర ప్రభుత్వ సైట్లో వెతకడానికి డబ్బు కట్టక్కర్లేదు. సరుకులు, సేవలను అక్కడ క్లాసులుగా విడదీస్తారు. క్లాసు 41లో చూడండి, వినోద సేవలు అందులోకే వస్తాయి. అక్షరాల సెర్చ్‌తో ఆపకుండా ఉచ్చారణ సెర్చ్ కూడా చేయండి, ఎందుకంటే ఒకేలా వినిపించే పేర్లకూ అభ్యంతరం వస్తుంది. టీషర్టులు అమ్మే ఉద్దేశం ఉంటే క్లాసు 25 కూడా చూడాలి. ఆన్‌లైన్లో వ్యక్తి పేరు మీద దాఖలు చేస్తే ఒక్కో క్లాసుకి రుసుము 4,500 రూపాయలు. కర్ణాటక దరఖాస్తులు చెన్నై గిండీలోని కార్యాలయం కిందికి వస్తాయి, కానీ అక్కడిదాకా వెళ్లే పని లేదు. ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రచురించాక ఎవరైనా వ్యతిరేకించడానికి నాలుగు నెలల గడువు ఉంటుంది. నమోదైతే పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. దరఖాస్తు వేసిన దగ్గర్నుంచి టీఎం గుర్తు వాడొచ్చు. సున్నాలో ఆర్ గుర్తు మాత్రం నమోదయ్యాకే, ముందే వాడితే నేరం. ‘బెంగళూరు రాక్ బ్యాండ్’ లాంటి వర్ణన పేర్లకు నమోదు దొరకడం కష్టం.

దరఖాస్తులో ఎవరి పేరు రాస్తారో పేరు వాళ్లదే అవుతుంది. డబ్బు కట్టాడు కదా అని ఒక్కరి పేరు మీద వేసి ఊరుకోకండి. అందరినీ ఉమ్మడి దరఖాస్తుదారులుగా చేర్చండి, లేదా ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకుని సంతకాలు పెట్టండి: ఎవరైనా వెళ్లిపోతే పేరు ఎవరికి ఉంటుంది, ఎంతమంది మిగిలితే ఆ పేరుతో ఆడొచ్చు, ఒప్పుకున్న ప్రదర్శనలు ఎవరు పూర్తి చేయాలి. పేజ్‌కి యార్డ్‌బర్డ్స్ పేరుతో వచ్చిన పేచీ ఇదే. పింక్ ఫ్లాయిడ్ పేరు ఎవరిదన్న తగువు 1987 చివర్లో బ్యాండు వదిలేసిన రోజర్ వాటర్స్, బ్యాండులోనే ఉన్న డేవిడ్ గిల్మర్ రాజీ పడేదాకా నడిచింది. స్నేహం బాగున్నప్పుడే ఈ కాగితం రాయడం తేలిక.

పోస్టరు

పేరు బయటపెట్టే ముందు రోజే అన్ని ఖాతాలూ తెరవండి, అన్నిచోట్లా ఒకే హ్యాండిల్ (ఖాతా పేరు) ఉండాలి. దొరక్కపోతే చివర బ్యాండ్ అనో, బెంగళూరుకి పొట్టిపేరు బీఎల్ఆర్ అనో చేర్చండి. అండర్‌స్కోర్లు వద్దు, నోటితో చెప్పలేం.

పోస్టరు మీద పేరును తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో మూడింటిలోనూ వేయండి. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు, ఎ-ఏ, త-ట, ద-డ తేడాలన్నీ అందులోనూ ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఏదో’లా కనిపించిన ‘ఏడో’ కన్నడంలో చక్కగా ‘ఏడో’గానే ఉంటుంది. అయితే తలకట్టు, కొన్ని అక్షరాల ఒంపులు వేరు. తెలుగు ఫాంటునే కాస్త వంచి కన్నడం అనిపించకండి. ప్రింటుకి పంపే ముందు కన్నడం చదవగలిగిన ఒకరికి చూపించి, పైకి చదవమనండి.