ముగ్గురి కళ్లతో నడిచే, ఓ రచయిత తొలి ఫాంటసీ నవలను మధ్యలో వదిలేయకుండా చదవడం ఎలా?

"రెండొందల పేజీల దాకా వచ్చి పక్కన పడేశాను, ఎవరు ఎవరో తెలియలేదు" అనే మాట ఇప్పటికి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చెప్పేవాళ్లు బాగా చదివేవాళ్లే. పుస్తకమూ మంచిదే. ఒకే ఒక్క చోట తప్పు చేస్తారు, అందరూ అక్కడే చేస్తారు. ఆ చోటు గురించే ఇది రాస్తున్నాను.

ఉదాహరణకు బ్రాండన్ శాండర్సన్ ఇంగ్లిష్ నవల 'ఎలాంట్రిస్' తీసుకుందాం. 2005లో వచ్చింది. ఆయన రాసినవాటిలో ఆరోది, అచ్చయినవాటిలో మొదటిది. ఇలాంటి చదువు మొదలుపెట్టేవాళ్లకు ఇంతకన్నా మంచి పుస్తకం లేదు. కథ చెప్పేది ముఖ్యంగా ముగ్గురి వైపు నుంచే, అదీ ఒక్క సంపుటంలో ముగుస్తుంది. పది సంపుటాల సిరీస్‌తో మొదలుపెట్టేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఈత రానివాడు గోదారి మధ్యలో దూకినట్టుంటుంది.

కావలసినవి: పుస్తకం, పెన్సిల్, పోస్టుకార్డంత అట్టముక్క. పుస్తకం కాగితందే కావాలి. ఫోన్లో చదివితే "ఈ మనిషిని ముందెక్కడ చూశాను" అని వెనక్కి తిరగేయడం అంత సులువు కాదు. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం ఆబిడ్స్‌లో పాత పుస్తకాల వాళ్ల దగ్గర వెతకండి. పాత ప్రతి అయితే అంచుల్లో గీతలు గీయడానికి చెయ్యి వెనకాడదు. ఆడియో బుక్ మొదటిసారికి వద్దు.

మొదట్లో ఉన్న మ్యాపు ఒక్కసారి చూడండి. అరెలాన్, టెయోడ్, ఫ్యోర్డెన్ అనే దేశాలు ఎక్కడున్నాయో తెలిస్తే చాలు. తర్వాత ప్రోలాగ్. అది చాలా చిన్నది, రెండుసార్లు చదవండి. ఎలాంట్రిస్ ఒకప్పుడు దేవతల్లాంటి మనుషుల నగరమని, షావోడ్ అనే మార్పు మామూలు మనిషిని ఉన్నట్టుండి అలాంటివాడిగా మార్చేదని, పదేళ్ల కిందట ఆ వైభవం కూలిపోయిందని చెబుతుంది. అప్పటి నుంచి అదే షావోడ్ శాపం.

కొత్త మాటలకు భయపడొద్దు. షావోడ్, ఏయాన్, సియాన్, గ్యోర్న్ ఏ డిక్షనరీలోనూ దొరకవు, రచయిత పుట్టించినవి. రెండో మూడోసారి ఎదురైనప్పుడు అర్థం దానంతటదే తెలుస్తుంది. ఏయాన్ అంటే ఒక అక్షరం, దానికో అర్థం, దానికో శక్తి. సియాన్ అంటే మాట్లాడే వెలుగు బంతి, దాని నడుమ ఒక ఏయాన్ మెరుస్తుంటుంది. కథలోని రాకుమారి వెంట ఉండే సియాన్ పేరు ఆష్. ఆ అక్షరానికి వెలుగు అని అర్థం. పుస్తకం చివర ఏయాన్ల పట్టిక ఉంది, కావాలంటే అది చూడండి. నెట్‌లో మాత్రం వెతకొద్దు. పాత్ర పేరు కొట్టగానే వాళ్లు బతికారో చచ్చారో కిందనే వచ్చేస్తుంది. ఇంట్లో ఎవరైనా ఈ పుస్తకం చదువుతున్నారంటే నేను ముందు చెప్పే మాట ఇదే.

ఇక అసలు చోటు. అధ్యాయం మారే చోటు.

మొదటి అధ్యాయంలో రేయోడెన్ అనే రాకుమారుడికి షావోడ్ పడుతుంది. అతన్ని ఎలాంట్రిస్‌లోకి తోసి తలుపులు మూసేస్తారు. అక్కడ దెబ్బ తగిలితే మానదు, నొప్పి తగ్గదు, ఆకలి తీరదు, చావూ రాదు. మన మనసు అతని దగ్గరే ఉండిపోతుంది. పేజీ తిప్పితే రెండో అధ్యాయం. అందులో అతను లేడు. సరీన్ అనే పరదేశపు రాకుమారి అతన్ని పెళ్లాడ్డానికి ఓడ దిగుతుంది. అతను చనిపోయాడని చెబుతారు. ఒప్పందం ప్రకారం పెళ్లి జరిగినట్టే లెక్క కాబట్టి ఆమె విధవ. సరే అనుకుని ఆమెతో సర్దుకునేలోపు మూడో అధ్యాయం వచ్చేస్తుంది. ఎర్ర కవచం తొడుక్కున్న హ్రాథెన్ అనే గ్యోర్న్, అంటే పెద్ద మతాధికారి. మూడు నెలల్లో అరెలాన్ దేశాన్ని తన మతంలోకి మార్చాలి, లేకపోతే దేశం నాశనమవుతుంది.

పుస్తకం చచ్చిపోయేది ఇక్కడే. పాఠకుడు విసుక్కుంటాడు. రెండో అధ్యాయం పైపైనే చదువుతాడు, మూడోది దాటేసి నాలుగోదాంట్లో రేయోడెన్‌ను వెతుక్కుంటాడు. ఇంకొందరు మరీ తెలివిగా ఒకరి అధ్యాయాలన్నీ వరసగా చదివేసి, తర్వాత రెండోవాళ్లవి చదువుతారు. దయచేసి ఈ పని చేయొద్దు. ముగ్గురి కథలూ దాదాపు ఒకే రోజుల్లో పక్కపక్కన నడుస్తాయి. రచయిత మూడేసి అధ్యాయాలను ఒక కట్టగా పేర్చాడు. ఆ కట్ట విప్పేస్తే మిగిలేది మూడు పలచని కథలు.

మా పెద్దమ్మ మనవరాలు హ్రాథెన్ అధ్యాయాలు వదిలేసింది. విలన్ గోల మనకెందుకు అంది. చివర్లో అతను చేసిన పని ఆ పిల్లకు ఆకాశం నుంచి ఊడిపడినట్టు అనిపించింది. అసలు ఈ నవలలో అందరికన్నా నెమ్మదిగా చదవాల్సింది అతన్నే.

మరి ఏం చేయాలి? అధ్యాయం అయిపోగానే పేజీ తిప్పొద్దు. రెండు నిమిషాలు ఆగండి. లేచి మంచినీళ్లు తాగండి. వచ్చి అట్టముక్క మీద ఒక్క వాక్యం రాయండి. ఈ మనిషి ఏం చేశాడని కాదు, ఈ మనిషికి ఏం తెలియదని రాయాలి.

చాలామంది నోట్సు రాస్తారు కానీ ఊళ్లు, చుట్టరికాలు, రాజుల పేర్లు రాస్తారు. అవి పుస్తకంలోనే ఉన్నాయి, మళ్లీ చూసుకోవచ్చు. ఎవరికి ఏం తెలియదన్నది మాత్రం ఏ పేజీలోనూ రాసి ఉండదు, మనమే పట్టుకోవాలి. రేయోడెన్‌కు, పెళ్లికూతురు వచ్చి విధవ అయ్యిందని తెలియదు. సరీన్‌కు, మొగుడు ఆ గోడ అవతల బతికే ఉన్నాడని తెలియదు. హ్రాథెన్‌కూ రాకుమారుడు ఆ గోడ అవతల ఉన్నాడని తెలియదు. మూడు అధ్యాయాలకు మూడు వాక్యాలు. ఇవి రాశాక నాలుగో అధ్యాయం తెరవండి, ముగ్గురూ ఒక్క గదిలో ఉన్నట్టుంటుంది.

మనకిది కొత్త విద్య కాదు. కర్ణుడు కుంతి కొడుకని మనకు ఆదిపర్వం నుంచీ తెలుసు. ధర్మరాజుకు తెలిసేది యుద్ధం ముగిశాక, స్త్రీపర్వంలో. నడుమ అర్జునుడు విల్లు ఎక్కుపెట్టిన ప్రతిసారీ మన గుండె ఆగేది ఆ తేడా వల్లే. ఎలాంట్రిస్‌నూ అదే చెవితో వినండి.

కొత్త అధ్యాయంలో మొదటి పేజీ పైకి చదవండి. ఎవరి గొంతులోకి వచ్చామో నోటికి తెలుస్తుంది. ఒక పూటకు చదువు ఆపేది ఎప్పుడూ కట్ట చివరే: మూడు, ఆరు, తొమ్మిది. ఒంటి అధ్యాయం దగ్గర ఆపితే మర్నాటికి మిగతా ఇద్దరూ చల్లారిపోతారు. వారపత్రికల్లో సీరియల్ కోసం వారమంతా ఆగినవాళ్లకు ఈ ఓపిక ఉంటుంది, మిగతావాళ్లు అలవాటు చేసుకోవాలి.

తొలి నవల కాబట్టి ఇంకో మాట. పేరున్న రచయిత అయితే దారి తప్పించినా చివరికి ఇంటికి చేరుస్తాడని నమ్మి వెంట వెళతాం. కొత్త రచయిత మీద ఆ నమ్మకం ఉండదు, అతనూ మొదటి పేజీల్లో తన లోకాన్ని కాస్త ఎక్కువే వివరిస్తాడు. అందుకని తొమ్మిది అధ్యాయాల దాకా తీర్పు చెప్పొద్దు. మూడు కట్టలు పూర్తయ్యాక కూడా ముగ్గురిలో ఒక్కరి కోసమైనా మనసు లాగకపోతే అప్పుడు మూసేయండి, తప్పులేదు. నలభయ్యో పేజీలో మూసేయడం మాత్రం తప్పు.

నవల మూడు భాగాలు. చివరికొచ్చేసరికి ఈ వరస చెదిరిపోతుంది, గొంతులు త్వరత్వరగా మారతాయి. అప్పటికి మీ అట్టముక్క నిండి ఉంటుంది. పెన్సిల్ పక్కన పెట్టేయండి, మంచినీళ్ల విరామాలూ వద్దు. ఒక సెలవు రోజు దాచుకుని, ఫోన్ పక్కగదిలో పెట్టి, పెందలాడే అన్నం తినేసి కూర్చుని, ఆ చివరి భాగం ఒక్క బిగిన చదవండి.