సోలార్ పంపు నీళ్లు తగ్గాయా? మోటారు పైకి లాగే ముందు ఇవి చూడండి

సోలార్ పంపు సరిగ్గా పోయడం లేదంటే చాలామంది చేసే మొదటి పని మోటారు పైకి తీయించడం. మనుషులు వస్తారు, చైన్ పుల్లీ కడతారు, పైపులన్నీ ఒక్కొక్కటిగా ఊడదీస్తారు. తీరా చూస్తే మోటారుకి ఏమీ ఉండదు. కంట్రోలర్ మీద ఏ అంకె కనిపిస్తోందని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా సమాధానం ఉండదు. సగం గొడవ అక్కడే తేలిపోయేది.

ఇది బోరులో త్రీ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారు, పైన డ్రైవ్ (ప్యానెళ్ల డీసీని మోటారుకి కావాల్సిన ఏసీగా మార్చేది) ఉన్న కంట్రోలర్, వరుసగా కలిపిన ప్యానెళ్లు ఉన్న సెట్టు గురించి. మల్టీమీటర్ వాడటం, డీసీ ఐసొలేటర్ ఆపడం మీకు తెలుసనే అనుకుంటున్నాను.

అన్నిటికంటే ముందు డిస్‌ప్లే

ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు, మిట్టమధ్యాహ్నం, మోటారు నడుస్తుండగా మూడు అంకెలు చూడండి: హెర్ట్జ్ (మోటారు వేగం దీన్ని బట్టే ఉంటుంది), డీసీ వోల్టేజ్, మోటారు ఆంప్స్.

హెర్ట్జ్ 50కి చేరినా నీళ్లు తక్కువగా వస్తున్నాయంటే ప్యానెళ్ల తప్పు కాదు. బోరులోనో, పైపులోనో, ఫిల్టర్‌లోనో వెతకాలి. హెర్ట్జ్ 35, 40 దగ్గరే ఆగిపోతోంది, ఆంప్స్ మోటారు ప్లేటు మీద రాసినదాన్ని దాటలేదు అంటే పవర్ చాలడం లేదని అర్థం. అప్పుడు బోరు జోలికి వెళ్లొద్దు, ప్యానెళ్ల వైపు నడవండి.

‘హెర్ట్జ్ కాస్తే కదా తగ్గింది, నీళ్లు ఇంతలా ఎందుకు తగ్గుతాయి’ అని అడుగుతుంటారు. పంపు వేగం తగ్గితే నీటిని పైకి నెట్టే శక్తి వర్గం లెక్కన తగ్గుతుంది. 50 హెర్ట్జ్ దగ్గర 60 మీటర్ల ఎత్తుకి నెట్టగలిగే పంపు 30 హెర్ట్జ్ దగ్గర 22 మీటర్లు కూడా నెట్టలేదు. నీళ్లు 25 మీటర్ల లోతులో ఉంటే మోటారు తిరుగుతూనే ఉంటుంది, పైపులోంచి చుక్క రాదు. మోటారు పాడైందని అందరూ అనుకునేది ఇలాంటప్పుడే.

హెర్ట్జ్ తక్కువ, రోజంతా అదే తీరు

దుమ్ము, పక్షుల రెట్టలు, నీడ. ఇంతే. దూరం నుంచి చూసి ‘శుభ్రంగానే ఉన్నాయి’ అనొద్దు, దగ్గరికెళ్లి వేలితో గీసి చూడండి.

నీడ విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. మామూలు ప్యానెల్‌లో సెల్స్ మూడు గుంపులుగా ఉంటాయి. ప్యానెల్ నిలువుగా బిగిస్తే ఆ మూడు గుంపులూ కింది అంచు దాకా వస్తాయి. అక్కడ జానెడు ఎత్తు గడ్డి పెరిగి కింది వరుస మొత్తం మీద నీడ పడిందంటే మూడు గుంపులూ ఒకేసారి పడిపోతాయి. పైన ఎండ ఎంతున్నా ఆ ప్యానెల్ నుంచి వచ్చేది దాదాపు సున్నా. సగం కోసిన సెల్స్ ఉన్న కొత్త రకం ప్యానెళ్లలో పై సగమైనా పనిచేస్తుంది. వానలు పడ్డాక పంపు బలహీనపడిందంటే ముందు గడ్డి కోయండి.

కడగడం తెల్లవారుజామునే. వేడెక్కిన అద్దం మీద చల్లని నీళ్లు కొడితే పగిలే ప్రమాదం ఉంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆరనివ్వకుండా మెత్తని గుడ్డతో తుడిచేయాలి, లేకపోతే తెల్లని పొర కడుతుంది. పీచు, సబ్బు పొడి వద్దు.

ప్యానెళ్లు శుభ్రం, నీడ లేదు, వోల్టేజ్ ‘కరెక్టే’, అయినా హెర్ట్జ్ పెరగదు

నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

లక్షణం ఇలా ఉంటుంది. పొద్దున పంపు బాగానే మొదలవుతుంది. ఎండ ముదిరేకొద్దీ ఇంకా బాగా పోయాల్సింది పోయి, హెర్ట్జ్ కొంత పైకెక్కి జారిపోతుంది, మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ జారుతుంది. ఒక్కోసారి మధ్యాహ్నం లో వోల్టేజ్ అని ఆగి, కాసేపటికి తనంతట తానే లేస్తుంది. సాయంత్రానికి మళ్లీ మామూలే. చూడటానికి వచ్చినవాళ్లు మోటారు ఆపి మీటర్ పెడతారు. పది ప్యానెళ్లకి 400 వోల్టుల దాకా కనిపిస్తుంది. ‘ప్యానెళ్లు ఓకే, కంట్రోలర్ పోయింది’ అని తేల్చేస్తారు. కంట్రోలర్ మారుస్తారు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే కథ.

అసలు దొంగ ఎంసీ4 కనెక్టర్, అంటే ప్యానెళ్ల వైర్లని ఒకదానితో ఒకటి కలిపే ప్లాస్టిక్ జాయింట్. మోటారు ఆగి ఉన్నప్పుడు వైరులో కరెంటు పారదు కాబట్టి వదులు జాయింట్ దగ్గర వోల్టేజ్ పడిపోదు, మీటర్ పూర్తి లెక్క చూపిస్తుంది. బరువు ఎత్తకుండా తాడు గట్టిదో కాదో చెప్పలేనట్టే ఇదీ. జాయింట్‌లో ఒక్క ఓమ్ అడ్డు ఉందనుకోండి. 8 ఆంప్స్ పారితే పోయేది 8 వోల్టులే, 400లో అది లెక్కలోకి రాదు. కానీ వేలెడంత ప్లాస్టిక్ ముక్కలో 64 వాట్ల వేడి పుడుతుంది. ఆ వేడికి లోపలి పిన్ను స్ప్రింగు పట్టు వదిలేస్తుంది, మసి పడుతుంది, అడ్డు ఇంకా పెరుగుతుంది. పొద్దున కరెంటు తక్కువ కాబట్టి బయటపడదు, మధ్యాహ్నం పూర్తి కరెంటు పారేటప్పుడే పట్టు తప్పుతుంది.

పరీక్ష మోటారు నడుస్తుండగానే చేయాలి. ఖాళీగా ఉన్నప్పటి వోల్టేజ్‌లో సుమారు 80 శాతం నడుస్తున్నప్పుడు కనిపించాలి. దుమ్ము పడితే ఆంప్స్ తగ్గుతాయి, వోల్టేజ్ పెద్దగా కదలదు. జాయింట్ చెడితే ఖాళీగా బాగానే ఉండి, లోడు పడగానే వోల్టేజ్ కూలుతుంది లేదా ఊగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడే తక్కువ చూపిస్తే అది వేరే సంగతి, ఏదో ప్యానెల్‌లో డయోడ్ (నీడ పడిన గుంపుని తప్పించి కరెంటుని పంపేది) పోయి ఉండొచ్చు.

ప్యానెళ్లు రెండు వరుసలుగా చేసి సమాంతరంగా కలిపి ఉంటే మీటర్ ఇంకా ఘోరంగా మోసం చేస్తుంది. ఒక వరుస పూర్తిగా తెగిపోయినా రెండోది 400 చూపిస్తూనే ఉంటుంది. డీసీ కొలిచే క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి ఆంప్స్ చూసేది) తెచ్చి రెండు వరుసల వైర్లకీ విడివిడిగా పెట్టండి. రెండూ ఇంచుమించు సమానంగా ఉండాలి.

ఏ కనెక్టరో పట్టుకోవడానికి మోటారు అరగంట నడిచాక ప్యానెళ్ల వెనక్కి వెళ్లండి. గోధుమ రంగుకి తిరిగినది, ఉబ్బినది, వంగినది కంటితోనే తెలుస్తుంది. తెలియకపోతే చేతిలో పట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ఒక్కొక్కటీ చూడండి, పక్కవాటికంటే వేడిగా ఉన్నదే మీకు కావాల్సింది. చెయ్యి పెట్టి చూడొద్దు. ఫ్యాక్టరీలో బిగించి వచ్చినవి అరుదుగా పోతాయి. ప్యానెళ్ల నుంచి కంట్రోలర్ దాకా లాగిన పొడవాటి కేబుల్ చివర పొలంలో బిగించినవే ఎక్కువ పోయేవి. ఐసొలేటర్ స్క్రూలు కూడా ఆ లెక్కలోవే.

బాగుచేసేటప్పుడు మొదట కంట్రోలర్‌లో మోటారు ఆపండి. తర్వాత ఐసొలేటర్. క్లాంప్ మీటర్‌లో సున్నా చూశాకే కనెక్టర్ విప్పండి. కరెంటు పారుతుండగా విప్పితే వచ్చే డీసీ మంట ఏసీలో లాగా చప్పున ఆరదు, చెయ్యి కాలుతుంది. ఐసొలేటర్ ఆపినా ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్ల వైపు వైర్లలో వందల వోల్టులు అలాగే ఉంటాయి. పొద్దుగుంకాక చేసుకోవడం మేలు, అప్పుడు కూడా మీటర్ పెట్టి చూశాకే వైరు ముట్టుకోండి.

కాలినది ఒక సగమే అయినా రెండు సగాలూ మార్చాలి. బాగున్నట్టు కనిపించే రెండోదాని పిన్ను కూడా వేడికి మెత్తబడిపోయే ఉంటుంది. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రకంవి వేయండి. వేరే కంపెనీవి ఒకదానిలో ఒకటి దూరుతాయి గానీ లోపల సరిగ్గా కరవవు. పిన్ను నొక్కడానికి క్రింపింగ్ టూలే వాడాలి, కటింగ్ ప్లేయర్‌తో నొక్కితే కొద్ది నెలల్లో మళ్లీ ఇదే పని. నొక్కాక గట్టిగా లాగి చూడండి, తోసినప్పుడు క్లిక్ మని వినపడాలి, వెనక నట్టు బిగించాలి. కనెక్టర్ కోసేసి వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం రిపేరు కాదు. చివరగా ఎండకి తట్టుకునే ట్యాగ్‌తో కేబుల్‌ని ఫ్రేముకి కట్టేయండి, గాలికి ఊగకూడదు, కనెక్టర్ నేల మీద నీళ్లలో పడి ఉండకూడదు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ మూడు అంకెలూ చూసి, మార్కర్‌తో కంట్రోలర్ డోరు లోపల తేదీతో సహా రాసిపెట్టండి. ఇంకోసారి తేడా వస్తే దేనితో పోల్చాలో తెలుస్తుంది.

హెర్ట్జ్ 50, నీళ్లు మాత్రం తక్కువ

ఈ మధ్య మోటారు తీసి దించారా, కేబుల్ జాయింట్ వేశారా? అయితే మోటారు ఉల్టా తిరుగుతూ ఉండొచ్చు. ఉల్టా తిరిగినా కొన్ని నీళ్లు వస్తాయి కాబట్టి అనుమానం రాదు. పవర్ ఆపి, డ్రైవ్ డిస్‌ప్లే పూర్తిగా ఆరిపోయాక ఇంకొన్ని నిమిషాలు ఆగి, మోటారుకి వెళ్లే మూడు వైర్లలో ఏవో రెండు అటూ ఇటూ మార్చండి.

డ్రిప్ ఉంటే ఫిల్టర్ ముందూ వెనకా ప్రెషర్ చూడండి. తేడా అర కిలో దాటితే కడగాలి. లేటరల్ (మొక్కల వరుసల వెంట వెళ్లే సన్న పైపు) చివరలు కూడా విప్పి నీళ్లు తేటగా వచ్చేదాకా వదలండి.

మోటారు మొదలైన చాలాసేపటికి గానీ నీళ్లు రాకపోతే, ఆపిన వెంటనే బోరు దగ్గర చెవి పెట్టండి. లోపల నీళ్లు కారుతున్న శబ్దం వస్తే నాన్ రిటర్న్ వాల్వ్ గానీ పైపు గానీ పోయింది. మబ్బు పట్టి ఆగిన ప్రతిసారీ పైపు మళ్లీ నిండాలి కాబట్టి సోలార్‌లో ఈ నష్టం ఎక్కువ. మోటారు నిజంగా పైకి తీయాల్సిన కేసు ఇలాంటిది.

మిగతావి

నీళ్లుండగానే డ్రై రన్ (బోరులో నీళ్లు లేవన్న హెచ్చరిక) చూపిస్తే బోరులోని సెన్సర్ కడ్డీలకి పట్టిన పాచి, సున్నం గీకండి. సెన్సర్ లేకుండా ఆంప్స్‌ని బట్టి ఆగే రకమైతే, పొద్దుటి బలహీనమైన ఎండలో తప్పుగా ఆగడం మామూలే, సెట్టింగ్ సరిచేయించండి.

వాన పడిన మర్నాడు ఎర్త్ ఫాల్ట్ (కరెంటు నేలలోకి లీకవుతోందన్న హెచ్చరిక) వచ్చి మధ్యాహ్నానికి పోతోందంటే, ఎలుక కొరికిన వైరులోనో జాయింట్‌లోనో తడి చేరింది. మోటారు కేబుల్‌కి 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టేముందు కంట్రోలర్ నుంచి వైర్లు తప్పక విప్పండి, లేదంటే డ్రైవ్ కాలిపోతుంది. ఒక మెగాఓమ్ కంటే తక్కువ వస్తే కేబుల్, మోటారు చూడాల్సిందే.

మధ్యాహ్నం ఓవర్ హీట్ అని ఆగితే కంట్రోలర్ ఫ్యాన్ దుమ్ము దులిపి, పెట్టె మీద ఎండ పడకుండా చూడండి. పిడుగుకి డ్రైవ్ పోవడం, వైండింగ్ కాలడం, ప్యానెల్ లోపల పగలడం కూడా ఉంటాయి గానీ, పైవన్నీ చూశాకే వాటి గురించి ఆలోచించండి.