ఆపరేషన్‌కు ముందు నాలుగు వారాలు

పత్తి అమ్మిన డబ్బులు చేతికి వచ్చి, యాసంగి నాట్లు ముగిశాక, నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల ఆసుపత్రుల్లో అప్పటిదాకా వాయిదా వేసుకున్న ఆపరేషన్ల రద్దీ మొదలవుతుంది. ఏడాదంతా హెర్నియాతోనే బస్తాలు మోసినవారు, పిత్తాశయంలో రాళ్లతో రాత్రిళ్లు నిద్రలేక గడిపినవారు, మోకాళ్లు మార్పించుకోవాలనుకునే పెద్దలు, అందరూ సంక్రాంతికీ ఉగాదికీ మధ్యనే తేదీ అడుగుతారు. ఏళ్ల తరబడి ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా పనిచేస్తున్న నేను వారికి చెప్పదలచినది ఇదే: ఫలితంలో పెద్ద భాగం కోత పెట్టకముందే, అంటే డాక్టరు చేతుల సాధనలోనూ, థియేటర్ సిబ్బంది సన్నద్ధతలోనూ, రోగి తన గురించి దాచకుండా చెప్పిన మాటల్లోనూ నిర్ణయమైపోతుంది. అత్యవసర ఆపరేషన్లకు ఈ వ్యవధి దొరకదు. తేదీ మన చేతిలో ఉన్న ఆపరేషన్లకు మాత్రం కనీసం నాలుగు వారాల ముందు నుంచే జాగ్రత్తలు మొదలుపెట్టాలి.

ముందుగా, మత్తు డాక్టరుకు చెప్పవలసిన సంగతులు. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక రైతుకు హెర్నియా ఆపరేషన్ ఏ ఇబ్బందీ లేకుండా జరిగింది. కేసు షీటులో మద్యం అలవాటు లేదని రాసి ఉంది. మేము అడిగినప్పుడు ఆయన లేదనే అన్నాడు, అబద్ధమూ చెప్పలేదు, ఎందుకంటే ఆయన లెక్కలో కల్లు మద్యం కాదు. రెండో రోజు రాత్రి నేను వార్డుకు వెళ్లేసరికి ఆయన దుప్పటి మీద లేని చీమలను ఒక్కొక్కటిగా ఏరి కింద వేస్తున్నాడు. వేళ్లు వణుకుతున్నాయి, ఎక్కడున్నాడో తెలియడం లేదు. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చి, ఆ కుదుపులకు కుట్లు తెగిపోయాయి. "కల్లే గద సిస్టర్, మందు తాగడు గదా" అని ఆయన భార్య బిత్తరపోయి నిలబడింది. తప్పు ఆమెది కాదు, ప్రశ్న సరిగ్గా అడగని మాది. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు పదార్థాలు కలుపుతారన్నది ఈ జిల్లాల్లో అందరికీ తెలిసిన విషయమే. రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా అది ఆగిపోతే రెండు మూడు రోజుల్లో వణుకు, భ్రమలు, ఫిట్స్ రావచ్చు. ముందే చెబితే డాక్టర్లు తగిన మందులతో మెల్లగా తగ్గించి, ఆ తర్వాతే ఆపరేషన్‌కు తీసుకుంటారు. రోజుకు ఎన్ని సీసాలో, ఎన్నేళ్ల నుంచో, చివరిసారి ఎప్పుడు తాగారో దాచకుండా చెప్పండి. ఆపరేషన్ కోసమని ఇంట్లోనే హఠాత్తుగా మానేయడం కూడా ప్రమాదమే.

రెండోది పురుగుమందు. పత్తి చేలకు కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులు గాలి ద్వారా, చర్మం ద్వారా ఒంట్లోకి చేరి, రక్తంలోని ఒక ఎంజైమ్‌ను తగ్గించివేస్తాయి. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలను సడలించడానికి వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందును శరీరం విరిచివేయగలిగేది ఆ ఎంజైమ్‌తోనే. అది తగ్గి ఉంటే నిమిషాల్లో దిగిపోవలసిన ప్రభావం గంటల తరబడి ఉండిపోయి, రోగి తనంతట ఊపిరి తీసుకోలేకపోవచ్చు. ఇటీవలి వారాల్లో స్ప్రే చేసి ఉంటే ఆ మాట, మందు డబ్బా పేరుతో సహా మత్తు డాక్టరుకు చెప్పాలి. సాధారణంగా మరో మందును ఎంచుకోవడానికి ఆ ఒక్క మాట సరిపోతుంది.

మూడోది మన నేల ఇచ్చిన కష్టం. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాల్లో దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవారిలో వెన్నెముక చుట్టూ ఉండే బంధనాలు ఎముకలా గట్టిపడి ఉంటాయి, మెడ వెనక్కి వంగదు. వీపులో సూది గుచ్చి నడుము కింది భాగానికి మత్తు ఇవ్వడం వీరిలో కష్టమవుతుంది. మెడ కదలకపోతే గొంతులోకి గొట్టం వేయడమూ కష్టమే. ఇప్పుడు ఇంటికి మంచి నీళ్లు వస్తున్నాయని ఆ చరిత్రను చెప్పకుండా వదిలేయవద్దు. చిన్నప్పుడు ఏ ఊళ్లో పెరిగారో, ఏ బోరు నీళ్లు తాగారో చెబితే, అవసరమైన ఎక్స్‌రే ముందే తీయించి, తగిన పరికరాలు దగ్గర పెట్టుకుంటారు.

నాలుగోది ఊళ్లో ఆర్‌ఎంపీల దగ్గర కీళ్ల నొప్పులకు వేయించుకునే ఇంజెక్షన్లు, వాడే గోళీలు. వాటిలో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి వాడితే శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీని తగ్గించుకుంటుంది, ఆపరేషన్ ఒత్తిడికి బీపీ ప్రమాదకరంగా పడిపోవచ్చు. కాబట్టి ఇంట్లో ఉన్న గోళీల పట్టీలన్నీ, సగం వాడినవీ, నాటు మందులూ ఒక సంచిలో వేసుకొని పట్టుకురండి. పేర్లు గుర్తుండకపోయినా సంచి అన్నీ చెబుతుంది. రక్తం పలుచబడే గోళీలను డాక్టరు చెప్పకుండా ఆపవద్దు, చెప్పిన రోజు దాటి వేసుకోవద్దు. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారు ఆ పేరును ప్రత్యేకంగా చెప్పాలి. వాటిని సాధారణంగా ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందే ఆపిస్తారు, లేకుంటే షుగరు మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లాలు పెరిగిపోయే ప్రమాదం ఉంది.

ఇక డాక్టరు చేతుల విషయం. మంచి డాక్టరంటే మాట మంచిగా ఉండే డాక్టరని మనవాళ్లు అనుకుంటారు, మాట మంచిగా ఉండడమూ అవసరమే. అయితే చేతి నైపుణ్యాన్ని కొలవవచ్చని, ఆ తేడా రోగి శరీరం మీద కనిపిస్తుందని పరిశోధనలు స్పష్టంగా చూపాయి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో బరువు తగ్గించే జీర్ణాశయ ఆపరేషన్లు చేసే 20 మంది సర్జన్లు తమ ఆపరేషన్ వీడియోలను ఇవ్వగా, చేసినవారెవరో తెలియని తోటి సర్జన్లు వాటికి మార్కులు వేశారు. 2013లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, తక్కువ మార్కులు వచ్చిన నాలుగో వంతు సర్జన్ల రోగుల్లో 14.5 శాతం మందికి ఇబ్బందులు తలెత్తగా, ఎక్కువ మార్కులు వచ్చినవారి రోగుల్లో అది 5.2 శాతమే.

ఆ చేయి కుదరడానికి మనిషి శరీరమే బడి కానక్కరలేదని తేల్చినది సిమ్యులేషన్, అంటే బొమ్మల మీద, కంప్యూటర్ తెర మీద చేసే అభ్యాసం. 2002లో ప్రచురితమైన యేల్ విశ్వవిద్యాలయ అధ్యయనంలో 16 మంది జూనియర్ సర్జన్లలో సగం మందికి ముందుగా కంప్యూటర్ యంత్రం మీద సాధన చేయించి, ఆ తర్వాత అందరిచేతా లాప్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రాలతో చేసే పద్ధతిలో పిత్తాశయాన్ని విడదీయించారు. సాధన చేసినవారు 29 శాతం వేగంగా పూర్తిచేశారు. సాధన చేయనివారి చేతిలో తప్పులు సగటున ఆరు రెట్లు ఎక్కువగా జరిగాయి. మన దేశంలోనూ 2019లో వచ్చిన కొత్త వైద్య పాఠ్యప్రణాళికతో ప్రతి వైద్య కళాశాలలో నైపుణ్య ప్రయోగశాల తప్పనిసరి అయింది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి కనుక, ఈ అభ్యాసం ఇక మన ఇంటి ముందరి విషయమే. వైద్య కళాశాల ఆసుపత్రిలో జూనియర్ డాక్టరు చేయి వేస్తాడని భయపడి అప్పు చేసి మరెక్కడికో పరుగెత్తేవారిని చూస్తుంటాను. భయపడేకంటే మూడు ప్రశ్నలు మర్యాదగా అడగండి: ఆపరేషన్ ఎవరు చేస్తారు, పెద్ద డాక్టరు గదిలోనే ఉంటారా, ఈ ఆపరేషన్ ఇక్కడ నెలకు ఎన్ని జరుగుతాయి. ఈ ప్రశ్నలకు కోపగించుకునే చోట తేదీ తీసుకునే ముందు మరొకసారి ఆలోచించడం మంచిదని నా అభిప్రాయం.

పిత్తాశయం ఆపరేషన్‌కు వెళ్లేవారికి మరొక్క మాట. చిన్న రంధ్రాలతో మొదలుపెట్టిన ఆపరేషన్‌ను మధ్యలో పెద్ద కోతకు మార్చవలసి వస్తే, అది చేతకానితనం కాదు. పిత్తాశయానికి సంబంధించిన నాళాన్నీ రక్తనాళాన్నీ విడిగా, స్పష్టంగా చూసిన తర్వాతే కత్తిరించాలన్న నియమం 1995 నుంచి ఉంది. వాపు వల్ల అవి కనిపించకపోతే ఆగి, దారి మార్చుకునే డాక్టరే కాలేయం నుంచి వచ్చే పైత్యరస నాళాన్ని కాపాడుతాడు. సంతకం పెట్టేటప్పుడే ఈ సంగతి ఇంటివాళ్లందరికీ తెలిసి ఉండాలి.

థియేటర్‌లో మత్తుకు ముందు, కోతకు ముందు, బయటికి తీసుకువచ్చే ముందు అని మూడుసార్లు ఆగి, రోగి పేరు, ఆపరేషన్, ఏ వైపు, అలర్జీలు, దూదిగుడ్డల లెక్క గట్టిగా చదివే పద్ధతి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 19 అంశాల ఈ జాబితాను న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో పరీక్షించినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, ఇబ్బందులు 11 నుంచి 7 శాతానికి తగ్గాయని 2009లో వెల్లడైంది. మిమ్మల్ని ఒకే పేరు నాలుగుసార్లు అడిగితే విసుక్కోకండి, నాలుగుసార్లూ పూర్తి పేరు చెప్పండి. కుడి కాలో ఎడమ కాలో మీ నోటితోనే చెప్పి, పెన్నుతో గుర్తు పెట్టించుకోండి.

బీడీ, చుట్ట, సిగరెట్ కనీసం నాలుగు వారాల ముందు మానాలి. ఆ నాలుగు వారాల్లోనే ఊపిరితిత్తులకు వ్యాయామమూ మొదలవ్వాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కడుపు పైభాగం ఆపరేషన్లకు వెళ్లే 432 మంది మీద చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. దీర్ఘ శ్వాస ఎందుకు, ఎలా తీసుకోవాలో ఆపరేషన్‌కు ముందు అరగంటపాటు నేర్పిన గుంపులో ఊపిరితిత్తుల ఇబ్బందులు 12 శాతం మందికి రాగా, కేవలం కరపత్రం ఇచ్చినవారిలో 27 శాతం మందికి వచ్చాయి. ఊపిరితిత్తుల వ్యాయామానికి వాడే మూడు బంతుల డబ్బాను చాలామంది ఆపరేషన్ తర్వాత, నొప్పితో మూలుగుతూ మొదటిసారి చేతిలోకి తీసుకుంటారు. ముందే కొని, ఇంటి అరుగు మీద కూర్చుని గాలి లోపలికి పీలుస్తూ బంతులను లేపడం అలవాటు చేసుకుంటే, ఆ నొప్పిలో కొత్తగా నేర్చుకునే అవస్థ తప్పుతుంది.

ముహూర్తాల గురించి చెప్పకుండా ఉండలేను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్‌తో జరిగాయి. దేశంలో ఇదే అత్యధికం. మంచి నక్షత్రం కోసం తేదీని ముందుకు జరపమని అడిగే కుటుంబాలు తెలుసుకోవలసిన లెక్క ఒకటుంది. ముందే తేదీ పెట్టుకొని చేసిన మలి సిజేరియన్లను పరిశీలించిన 2009 నాటి అమెరికా అధ్యయనంలో 37 వారాలు నిండాక పుట్టిన పిల్లల్లో 15.3 శాతం మందికి, 38 వారాలు నిండాక పుట్టినవారిలో 11 శాతం మందికి, 39 వారాలు నిండాక పుట్టినవారిలో 8 శాతం మందికి శ్వాస ఇబ్బంది వంటి సమస్యలు వచ్చాయి. వైద్య కారణం లేకపోతే 39 వారాలు నిండిన తర్వాతి రోజుల్లోనే ముహూర్తం చూడమని పంతులు గారికి చెప్పండి.

ఆపరేషన్ ముందురోజు సబ్బుతో స్నానం చేయాలి, ఇంట్లో బ్లేడుతో వెంట్రుకలు గీసుకోకూడదు. కంటికి కనిపించని గాట్లలో క్రిములు చేరుతాయి. అవసరమైతే ఆసుపత్రిలో క్లిప్పర్‌తో తీస్తారు. నూనె, మాంసం ఉన్న భోజనమైతే ఎనిమిది గంటలు, తేలికైన టిఫిన్ అయితే ఆరు గంటలు కడుపు ఖాళీగా ఉండాలి. పాలు పోసిన చాయ్ కూడా ఆరు గంటల లెక్కలోనే వస్తుంది, నీళ్ల లెక్కలో కాదు. మంచినీళ్లకు సాధారణంగా రెండు గంటల ముందు వరకు అనుమతి ఉంటుంది కనుక, ఎండకాలంలో ముసలివాళ్లను రాత్రి నుంచీ గుక్కెడు నీళ్లు లేకుండా ఎండబెట్టకుండా, ఎప్పటివరకు తాగవచ్చో అడిగి తెలుసుకోండి.

ఇంటికి వెళ్లాక పత్యం పేరుతో పప్పు, గుడ్డు మాన్పించడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే అలవాటు. పప్పు తింటే చీము పడుతుందన్నది నిజం కాదు. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు అందులోనే ఉన్నాయి. డాక్టరు వద్దన్నవి తప్ప మిగతావన్నీ పెట్టండి. కుట్ల మీద పసుపు, బూడిద వేయకండి. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించుకున్న 34 మంది మహిళల్లో నలుగురు, ఇళ్లకు వెళ్లాక అస్వస్థతకు గురై చనిపోయారు. చిన్న ఆపరేషనే కదా అని ఒంట్లో మార్పులను తేలికగా తీసుకోకూడదని ఆ కుటుంబాల దుఃఖం చెబుతోంది. జ్వరం, ఆగని వాంతులు, విరేచనాలు, కడుపు ఉబ్బరం, గాయం ఎర్రబడి వేడిగా ఉండడం, పిక్క వాపు, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుంటూ రోజు గడపకుండా, ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లాలి.

అచ్చంపేట, అమ్రాబాద్ వైపు దూరపు ఊళ్లవారు డిశ్చార్జ్ రోజునే రాత్రి పూట ఎవరికి ఫోన్ చేయాలో వార్డు సిస్టర్‌ను అడిగి, నంబరును కాగితం మీద రాయించుకొని ఇంటి గోడకు అంటించాలి. సెల్‌ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా పక్కింటివాళ్లు చూసి చేయగలిగేలా, దాని కిందనే 108 అని కూడా పెద్దగా రాయండి.