కొండ మంచు కోసం స్నోమొబైల్ కట్టుకుంటున్నారా? మంచు పడకముందే చూసుకోవాల్సినవి

మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉండేది. కొత్త బాడీ గేటు దాటే ముందు చిన్న సుత్తి పట్టుకుని బండి చుట్టూ ఓ రౌండు తిరిగేవాడు. ఒక్కో బోల్టు మీద టక్కున కొట్టి చెవి పెట్టేవాడు. బిగువుగా ఉన్నది ఖణేలుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. నేనిప్పుడు ఉంటున్నది అమెరికాలో, యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో. గ్యారేజీలో లారీ బదులు స్నోమొబైల్ ఉంది, అంటే ముందు రెండు స్కీలు, కింద తిరిగే రబ్బరు ట్రాక్‌తో మంచు మీద పోయే బండి. సుత్తి అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది.

గుల్మార్గ్ టూర్‌లో ఎక్కి ఫొటో దిగే బండి వేరు, ఇక్కడి కొండల్లో తిరిగే స్నోమొబైల్, అంటే మౌంటెన్ స్లెడ్ వేరు. దీని ట్రాక్ చుట్టుకొలత 154 నుంచి 165 అంగుళాలు, ఇంకా పైన కూడా ఉంటుంది. ట్రాక్ మీది రబ్బరు పళ్లు రెండున్నర నుంచి మూడు అంగుళాలు. నడుము లోతు మంచులో కూరుకుపోకుండా తేలుతూ పోవడానికే ఈ పొడవంతా. సియాటిల్, కాల్గరీ, డెన్వర్‌లలో ఉన్న మన కుర్రాళ్లు కొందరు పాత స్లెడ్ కొని, విప్పి, తమకు నచ్చినట్టు కట్టుకుంటున్నారు. బాట వదిలి తిరగాలని, గుట్టల మీంచి దూకాలని వాళ్ల ఉత్సాహం. ఆ ఉత్సాహం నాకూ ఉంది. కాబట్టే చెబుతున్నాను: బండి పని దసరాకే మొదలుపెట్టి తీరిగ్గా ముగించండి. తొలి మంచు చూసి ఆత్రంగా బిగించిన బండి మీద దూకొద్దు.

బరువు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు

కట్టేవాళ్లందరికీ మొదట పట్టే పిచ్చి బరువు తగ్గించడం. ఖాళీ బండి 200 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. సీటు, సైలెన్సర్, బ్యాటరీ, ముందు స్వే బార్ (బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీ) తీసేస్తారు, లేదా తేలికైనవి వేస్తారు. స్వే బార్ తీస్తే వాలు మీద బండిని పక్కకి వంచి నడపడం తేలికవుతుంది, నిజమే. కానీ గట్టిబడిన బాట మీద వేగంగా మలుపు తిరిగితే బండి బయటికి ఒరుగుతుంది. తిరుగు ప్రయాణం ఎప్పుడూ ఆ బాట మీదే, అదీ ఒళ్లు అలిసిపోయాక. ఇది మనసులో పెట్టుకుని తీయండి.

మూడు మాత్రం ఎంత బరువున్నా ముట్టుకోవద్దు. ఒకటి, వెనక వేలాడే స్నో ఫ్లాప్. అది లేకపోతే ట్రాక్ విసిరే మంచుగడ్డలు, రాళ్లు వెనక వచ్చేవాడి మొహానికి తగులుతాయి. పైగా టన్నెల్ (ట్రాక్‌ని పైనుంచి కప్పే డొప్ప) అడుగున ఉండే, ఇంజిన్ కూలెంట్‌ని చల్లార్చే కూలర్ మీదికి మంచు మళ్లించేది కూడా అదే. రెండు, క్లచ్ మీది గార్డు. పూర్తి వేగంలో బెల్టు తెగితే ముక్కలు తూటాల్లా వస్తాయి, అవి మీ కాలికి రాకుండా ఆపేది ఆ రేకు ఒక్కటే. మూడు, ఒంటికి తగిలించుకునే టెథర్ తాడు. మీరు పడిపోగానే స్విచ్ ఊడి ఇంజిన్ ఆగుతుంది. లేకపోతే వాలు మీద బండి మీ స్నేహితుల మీదికి పోతుంది.

పొడుగు పళ్ల ట్రాక్‌ని పాత బండికి ఎక్కించేవాళ్లు ఒకటి చూసుకోవాలి. పళ్లు టన్నెల్ లోపలి కూలర్‌కి ఎంత దూరంలో తిరుగుతున్నాయి? చేత్తో తిప్పినప్పుడు తగలకపోయినా, వేగంలో ట్రాక్ బయటికి ఉబ్బుతుంది, అప్పుడు తగులుతుంది. కూలర్ చీలితే కూలెంట్ అంతా మంచు పాలు. చాలామంది ట్రాక్‌ని తిప్పే డ్రైవర్ చక్రాలు చిన్నవి వేసి జాగా తెచ్చుకుంటారు, అదే సరైన దారి.

వెల్డింగ్, రివెట్లు, పసుపు గీత

లారీ చాసిస్‌కి పట్టీ వేసి వెల్డింగ్ కొట్టినట్టు స్లెడ్‌కి కొడితే కుదరదు. టన్నెల్, బల్క్‌హెడ్ (బండి ముందు భాగపు చట్రం) చాలావరకు వేడితో గట్టిపరచిన అల్యూమినియం. 6061-టి6 రకానికి వెల్డ్ పక్కన వేడి తగిలిన చోట బలం సగం దాకా పడిపోతుంది. చూడ్డానికి అతుకు అద్దంలా ఉంటుంది, దాని పక్కన అంగుళం దూరంలో విరుగుతుంది. అందుకే కంపెనీ రివెట్లు, జిగురు వాడిన చోట మీరూ రివెట్లు, జిగురే వాడండి. బలం కావాల్సిన చోట అదనపు ప్లేటు వేసి రివెట్ చేయండి. పాత బండి కొంటే టన్నెల్‌ని కడిగి, టార్చి ఏటవాలుగా వేసి రివెట్ రంధ్రాల చుట్టూ చూడండి. వెంట్రుక లాంటి నల్ల గీత కనిపిస్తే అది మురికి కాదు, పగులు.

నైలాక్ నట్టు సంగతి నా సొంత తప్పు మీద నేర్చుకున్నాను. మూడో శీతాకాలం కుడి స్కీని బండికి పట్టి ఉంచే ఏ-ఆర్మ్ విప్పి మళ్లీ బిగించేటప్పుడు పాత నట్టే వాడాను. లోపలి నైలాన్ రింగు ఒకసారి వాడాక పట్టు కోల్పోతుందని చదువుకున్నవాడినే, దుకాణానికి వెళ్లే ఓపిక లేక వాడేశాను. రోడ్డుకి 11 మైళ్ల దూరంలో, ఆరడుగుల దూకు కూడా కాదు, దిగగానే స్కీ పక్కకి మడిచిపోయింది. నేను హ్యాండిల్ మీంచి ఎగిరి మంచులో పడ్డాను. దెబ్బ తగల్లేదు. స్కీని రాచెట్ బెల్టుతో కట్టి, ఇద్దరు స్నేహితులు లాగుతూ చీకటి పడ్డాక రోడ్డు చేర్చారు. ఆ నట్టు ఖరీదు డాలర్ కూడా ఉండదు.

అప్పటి నుంచి సస్పెన్షన్, స్టీరింగ్ నట్లు ఏవి విప్పినా కొత్తవే వేస్తున్నాను. టార్క్ రెంచితో బిగించాక పసుపు పెయింట్ పెన్నుతో నట్టు మీంచి ప్లేటు మీదికి ఒక గీత గీస్తాను. నట్టు కాస్త తిరిగినా గీత రెండు ముక్కలై కనిపిస్తుంది. వణికే చలిలో, గ్లవ్స్ తీయకుండా కంటితో చూసి చెప్పేయొచ్చు.

దూకే ముందు ఓ చిన్న లెక్క

10 అడుగుల ఎత్తు నుంచి సమతలం మీద పడితే నేల తాకేటప్పటి వేగం గంటకు 28 కిలోమీటర్లు. వినడానికి తక్కువే. కానీ ఆ వేగం సస్పెన్షన్ కదిలే పదిహేను అంగుళాల లోపల సున్నా కావాలి. 10 అడుగుల, అంటే 120 అంగుళాల పతనాన్ని 15 అంగుళాల్లో ఆపితే బండి మీద సగటున బరువుకు దాదాపు తొమ్మిది రెట్ల ఒత్తిడి పడుతుంది. బండి, పెట్రోలు, మీరు కలిపి 300 కిలోలనుకుంటే రెండున్నర టన్నులు దాటింది. షాక్ పూర్తిగా కుంగి అడుగు తగిలితే ఇంకా ఎక్కువ. దానిలో కొంత మీ వెన్నెముక మోస్తుంది.

అందుకే దూకడంలో అసలు జాగ్రత్త బండిలో లేదు, దిగే చోటులో ఉంది. దిగేది కిందికి వాలి ఉండాలి, మెత్తని లోతు మంచు ఉండాలి, కింద రాయి, మోడు లేవని మీరు నడిచి, ప్రోబ్ అనే పొడవాటి కడ్డీ గుచ్చి చూసి ఉండాలి. నిన్న చూసింది ఈ రోజు లెక్కలోకి రాదు. గాలి ఒక్క రాత్రిలో మంచుని ఊడ్చేసి రాయిని పైకి తేల్చుతుంది. దిగేటప్పుడు నిలబడండి, మోకాళ్లు వంచి ఉంచండి, సీటు మీద కూర్చుని ఎప్పుడూ దిగొద్దు. గాల్లో థ్రాటిల్ ఇస్తే ముక్కు లేస్తుంది, బ్రేక్ పట్టుకుంటే ముక్కు దిగుతుంది. తెలియక భయంతో బ్రేక్ నొక్కినవాడు ముక్కు మీద దిగుతాడు. దీన్ని అడుగెత్తు గుట్ట మీద రోజంతా అభ్యాసం చేసి, తర్వాతే ఎత్తు పెంచండి.

గాలి షాకులున్న బండి అయితే పీడనం ఇంట్లో పెట్టకండి. 20 డిగ్రీల గ్యారేజీలో 70 పిఎస్ఐ పెట్టి మైనస్ 15 దగ్గరికి తీసుకెళ్తే అది 60 చిల్లరకి దిగుతుంది. ఆ మెత్తదనంతో దూకితే అడుగు తగలడం ఖాయం. బండిని బయట ఓ గంట ఉంచి, చల్లారాక అక్కడే పంపు పెట్టి చూసుకోండి. పెద్ద దూకుల తర్వాత ట్రాక్ బిగువు కూడా చూడాలి, వదులైతే డ్రైవర్ చక్రం మీద టకటకా జారుతుంది.

ఇంజిన్, బెల్టు

ఇంజిన్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే జనం ఎక్కువ ఖర్చు పెట్టేది, తక్కువ ప్రాణాలు కాపాడేది అదే. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకి దాదాపు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది. 165 గుర్రాల ఇంజిన్ మా యూటాలోని యూఇంటా పర్వతాల్లో 10,000 అడుగుల దగ్గర 115కి దిగుతుంది. దానికి తగ్గట్టు క్లచ్ బరువులు మార్చకపోతే ఇంజిన్ ఈడుస్తుంది, బెల్టు వేడెక్కి కాలుతుంది. టర్బో పెట్టేవాళ్లు ఏ పెట్రోలుకి ట్యూన్ చేశారో ట్యాంకు మూత మీదే రాయండి. కొండ కింద బంకులో దొరికింది పోసి పిస్టన్ కరిగించుకున్న బండ్లు చూశాను. స్పేర్ బెల్టు, మార్చే పనిముట్లు ఎప్పుడూ బండిలో ఉండాలి. గట్టి ఐసు బాట మీద వెళ్లేటప్పుడు స్క్రాచర్లు, అంటే ఐసుని గీకే కడ్డీలు దించండి. అవి గీకి లేపే మంచే కూలర్‌ని, ట్రాక్ జారే కింది స్లైడ్ పట్టీలని చల్లబరుస్తుంది.

బండిని స్టాండు మీద ఎత్తి నడిపి చూసేటప్పుడు వెనక ఎవరూ నిలబడకూడదు, పిల్లల్ని గ్యారేజీలోకే రానివ్వకూడదు. షట్టర్ పూర్తిగా తెరిచి ఉంచండి. టూ స్ట్రోక్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మీకు తెలిసేది నూనె వాసన మాత్రమే.

కొండ విరిగి పడితే

ఎంత బాగా కట్టిన బండయినా మంచుచరియని ఆపలేదు. 2010 మార్చి 13న కెనడాలో రెవెల్‌స్టోక్ దగ్గర బౌల్డర్ మౌంటెన్ మీద స్నోమొబైల్ వాళ్లు పెద్ద గుంపుగా చేరి ఉండగా చరియ దూకింది. ఇద్దరు చనిపోయారు, ముప్పై మంది దాకా గాయపడ్డారు. పైన ఒకడు వాలు ఎక్కుతుంటే చూడటానికి కింద నిలబడటం మన సహజ గుణం. అదే ప్రాణం తీస్తుంది.

వాలు 30 డిగ్రీలు దాటితే జాగ్రత్త మొదలు. ఒకసారికి ఒక్కరే ఎక్కాలి. మిగిలినవాళ్లు చరియ పారే దారికి పక్కన, బండి ముక్కు బయటికి తిప్పి నిలబడాలి. పైన బండి ఇరుక్కుపోతే సాయానికి రెండోవాడు వెళ్లకూడదు, ఇరుక్కున్నవాడే తవ్వుకుని రావాలి. నాకు తెలిసిన మంచివాళ్లందరికీ ఈ ఒక్క నియమం పాటించడం కష్టం. అయినా పాటించండి.

బీకన్ (పూడుకుపోయినవాడి చోటు తెలిపే రేడియో పరికరం), ప్రోబ్, పార. ఈ మూడూ ఒంటి మీద, వీపు సంచిలో ఉండాలి, బండి డిక్కీలో కాదు. చరియలో మనిషి ఒక చోట, బండి ఒక చోట పూడుకుపోతారు. పార లోహానిదై ఉండాలి. బీకన్లన్నీ 457 కిలోహెర్ట్జ్ మీద మాట్లాడుకుంటాయి. ఫోను, బ్యాటరీతో వేడెక్కే గ్లవ్స్, కెమెరా ఆ సంకేతాన్ని చెడగొడతాయి. మామూలుగా 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరం ఉంచండి. వెతికేటప్పుడు బండ్ల ఇంజిన్లు ఆపేయండి. పూడుకుపోయినవాడికి మొదటి పది నిమిషాలే నిజమైన అవకాశం, హెలికాప్టర్ ఆ లోపు రాదు. వచ్చేది మీ పక్కనున్న స్నేహితుడే. అందుకే అతనితో నవంబరులోనే పార్కులో బీకన్ పాతిపెట్టి వెతికే ఆట ఆడండి, గడియారం పెట్టుకుని.

మా యూఇంటాల్లో ఇంకో ఇబ్బంది ఉంది. అక్టోబరు, నవంబరులో పడ్డ పల్చటి మంచు నీడ పడే ఉత్తరపు వాలుల మీద కరగకుండా ఉండి, చలికి గింజకడుతుంది. అడుగు దాకా తవ్వి ఆ పొరని గుప్పిట పట్టి చూడండి. ముద్దకట్టదు, బొంబాయి రవ్వలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. దాని మీద జనవరిలో నాలుగడుగుల కొత్త మంచు కూర్చుంటే, రవ్వ మీద పెట్టిన బండరాయి లాంటిదే. ఇక్కడి యూటా అవలాంచ్ సెంటర్ చలికాలమంతా రోజూ పొద్దున్నే ప్రమాద స్థాయి ప్రకటిస్తుంది, కెనడాలో అవలాంచ్ కెనడా ఉంది. అది చదవకుండా ట్రైలర్ కదపొద్దు.

మొదటి రైడు పార్కింగ్ కనిపించే దూరంలోనే, రెండు గంటలు, దూకులు లేకుండా. కదిలే ముందు ప్రతిసారీ థ్రాటిల్ నొక్కి వదలండి. టక్కున వెనక్కి రాకపోతే కేబుల్‌లో మంచు గడ్డకట్టింది, స్టార్ట్ చేయొద్దు. తిరిగొచ్చాక బండి చుట్టూ తిరిగి పసుపు గీతలు చూడండి. నేను సుత్తి కూడా వేస్తాను. ఒక్క గీత విడిపోయినా, ఒక్క బోల్టు మొద్దుగా పలికినా, ఎంత దూరం నుంచి వచ్చినా సరే, ఆ రోజుకి బండిని ట్రైలర్ ఎక్కించేయండి.