ఎండకు నెత్తి, చలికి పొట్ట: ఫిఫ్త్ వీల్ క్యాంపర్‌కు ముందు జాగ్రత్తలు

పికప్ ట్రక్కు వీపు మీద మెడ వాల్చి, ఆ ట్రక్కు లాగితే సాగే చక్రాల ఇల్లే ఫిఫ్త్ వీల్ క్యాంపర్. దాని లోపలికి వెళ్తే చిన్న ఇంట్లో అడుగు పెట్టినట్టే ఉంటుంది. రెండు మూడు మెట్లు ఎక్కితే పడకగది, దిగితే వంటగది, బటన్ నొక్కితే పక్కకు జరిగి విశాలమయ్యే హాలు. అయితే ఇల్లు నేలను ఆనుకుని ఉంటుంది, క్యాంపర్ గాలిలో నిలబడి ఉంటుంది. పైన, కింద, నాలుగు పక్కలా వాతావరణమే. గోడల మందం చాలావాటిలో సుమారు 2 అంగుళాలు. అందుకని వేసవిలో అమెరికాలోని అరిజోనాకో, చలికాలంలో కొలరాడో కొండలకో బయలుదేరేవారు ఏసీ ఎంత పెద్దది, హీటర్ ఎంత పెద్దది అని చూసుకునే ముందు వేడి ఎటునుంచి వస్తుంది, ఎటునుంచి పోతుంది అన్నది చూసుకోవాలి. ఎండ దెబ్బ ముందు నెత్తికి తగులుతుంది. చలి దెబ్బ ముందు పొట్టకు తగులుతుంది. నెత్తి అంటే పైకప్పు, పొట్ట అంటే బండి నేల కింద నీటి గొట్టాలు, ట్యాంకులు దాగి ఉండే భాగం.

అమ్మేవారు ‘ఫోర్ సీజన్’, అంటే అన్ని కాలాలకూ పనికొస్తుంది, అని రాసి పెట్టిన బండి కొన్నాం కదా అని నిశ్చింతగా ఉండకండి. ఆ మాటకు పరిశ్రమ అంతా ఒప్పుకున్న ఒకే కొలమానం లేదు. పొట్టను అడుగున మూసి ఉంచారా, ఫర్నేస్ (గ్యాస్‌తో గాలిని వేడి చేసే యంత్రం) వేడి గాలి గొట్టం ఒకటి అక్కడికి వెళ్తోందా, ట్యాంకులకు హీటర్ ప్యాడ్లు ఉన్నాయా అన్న మూడు ప్రశ్నలకు జవాబు మీ కళ్లతో చూసి తెలుసుకోండి.

ముందు ఎండ సంగతి. బండిని నిలిపేటప్పుడే సగం పని అయిపోతుంది. పెద్ద కిటికీలున్న వైపు పడమటి ఎండకు ఎదురుగా రాకుండా చూసుకోండి. గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ ఉంటే దాని వెనుక గోడ కూడా మధ్యాహ్నం ఎండలో ఉండకూడదు. ఆ రకం ఫ్రిజ్ తన వేడిని ఆ గోడలోని జాలీ గుండానే బయటికి పంపాలి. అక్కడ గాలి మండిపోతుంటే లోపల పాలు విరుగుతాయి.

కిటికీలకు లోపలి నుంచి వెండి రంగు రేకు పెట్టేవారు చాలామంది. అది మంచిదే, కానీ అప్పటికే ఎండ అద్దం దాటి లోపలికి వచ్చేసింది. అడ్డు అద్దానికి బయట ఉంటే ఫలితం ఎక్కువ. పైకప్పులోని గాలి కిటికీలు సాధారణంగా 14 అంగుళాల చదరంలో ఉంటాయి. వాటి కొలతకే దొరికే మెత్తటి దిండ్లు తెచ్చి బిగించండి. స్నానాల గది పైన ఉండే ప్లాస్టిక్ గుమ్మటాన్ని మాత్రం అందరూ మర్చిపోతారు. మధ్యాహ్నం దాని కింద చెయ్యి పెట్టి చూడండి, పొయ్యి దగ్గర నిలబడ్డట్టు ఉంటుంది. దాన్నీ మూయండి.

ఏసీ విషయంలో ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలా ఆందోళన తగ్గుతుంది. అది పీల్చుకునే గాలికీ, వదిలే గాలికీ మధ్య సుమారు 20 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా ఉంటే యంత్రం సరిగానే పనిచేస్తున్నట్టు. అంతకన్నా చాలా తక్కువ ఉంటే వడపోత జల్లెడను కడగండి. తర్వాత పైకప్పులో ఏసీ కూర్చున్న చోట మూత విప్పి చూడండి. చల్లటి గాలి వెళ్లే దారికీ, గది గాలి తిరిగి వచ్చే దారికీ మధ్య గోడలో సందులు ఉంటాయి. కొత్త బండ్లలో కూడా ఉంటాయి. చల్లబడిన గాలి పడకగది దాకా పోకుండా ఆ సందుల్లోంచి మళ్లీ ఏసీలోకే పోతుంది. లోహపు రేకు టేపుతో ఆ సందులు మూస్తే, గంట పనితో వచ్చే హాయి మరో ఏసీ కొన్నా రాకపోవచ్చు. ముందు భాగంలో ఎత్తుగా ఉండే పడకగది ఈ బండ్లలో ఎప్పుడూ కాస్త వేడిగానే ఉంటుంది. గాలి గొట్టం చివరికి చేరేది అక్కడే కాబట్టి ఈ మరమ్మతు ఫలితం కూడా ముందు అక్కడే తెలుస్తుంది.

ఏసీని మధ్యాహ్నం ఉక్కపోత మొదలయ్యాక వేయకండి. గోడలు, పరుపులు, అల్మారాలు వేడెక్కాక వాటిని చల్లార్చడం దాని వల్ల కాదు. పొద్దున్నే వేసి ఉంచండి.

కరెంటు దగ్గర మరీ జాగ్రత్త. ఉత్తర అమెరికా క్యాంపు స్థలాల్లో 30 ఆంపియర్ల ప్లగ్గు ఇచ్చేది 3,600 వాట్లు. 50 ఆంపియర్ల ప్లగ్గులో రెండు తీగలు కలిపి 12,000 వాట్లు. పేరులో తేడా 20 మాత్రమే కనిపించినా శక్తిలో తేడా మూడు రెట్లకు పైనే. పాత క్యాంపు స్థలాల్లో మండుటెండ వేళ అందరి ఏసీలూ ఒకేసారి తిరుగుతుంటే 120 ఉండాల్సిన వోల్టేజి 100 దగ్గరకు జారుతుంది. అప్పుడు ఏసీ కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి కాలిపోవచ్చు. వోల్టేజి పడిపోతే తానే ఆపేసే రక్షణ పరికరం పెట్టుకోవడం ఖర్చు అనిపిస్తుంది, నిజమే. కానీ కంప్రెసర్ ఖర్చు దానికన్నా పెద్దది. ప్లగ్గు పిన్నులు నల్లబడ్డాయేమో కూడా అప్పుడప్పుడు లాగి చూడండి.

కరెంటు పోతే లోపలి వేడి నిమిషాల మీద పెరుగుతుంది. పసిపిల్లలను, వృద్ధులను, పెంపుడు కుక్కను ‘ఏసీ ఉందిగా’ అని లోపల ఉంచి బయటికి వెళ్లకండి. కుక్కను వదలక తప్పని రోజున ఉష్ణోగ్రత పెరిగితే ఫోనుకు సందేశం పంపే పరికరం పెట్టండి, అది బండి వైఫై మీద ఆధారపడకుండా సొంత సిమ్‌తో నడిచేదై ఉండాలి. కరెంటుతో పాటు వైఫై కూడా పోతుంది కదా.

ఇక చలి. నేను ఎక్కువ చెప్పాలనుకున్నది ఇక్కడే, ఎందుకంటే ఈ పొరపాటు నేనూ చేశాను. గ్యాస్ ఖర్చు తగ్గుతుందని ఫర్నేస్ ఆపి, హాలులో ఒక కరెంటు హీటర్ పెట్టుకున్నాను. రాత్రంతా లోపల హాయిగానే ఉంది. తెల్లవారి కుళాయి తిప్పితే చుక్క రాలేదు. ఫర్నేస్ వేడి గాలిలో కొంత భాగం పొట్టలోకి వెళ్లి గొట్టాలను కాపాడుతుంది. కరెంటు హీటర్ గదిని వేడి చేస్తుందే తప్ప పొట్టకు ఏమీ చేయదు. పైగా హాలు వెచ్చగా ఉండటంతో థర్మోస్టాట్ ఫర్నేస్‌ను పిలవనే పిలవదు. మనకు చలి వేయకపోవడమే గొట్టాలకు ప్రమాదం. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ప్లాస్టిక్ గొట్టం కొంత సాగినా దాని కీళ్లు, కుళాయి కవాటాలు, పంపు పగులుతాయి.

కాబట్టి గడ్డకట్టే రాత్రుల్లో ఫర్నేస్ తిరగాల్సిందే. హీటర్ దానికి తోడుగా పడకగదిలో ఉండొచ్చు. పొట్ట భాగంలో ఒక చిన్న ఉష్ణమాపకం పెట్టి దాని అంకె లోపలి నుంచే చూసుకోండి. ఆ ఒక్క అంకె చూస్తే రాత్రి నిద్ర పడుతుంది. 1,500 వాట్ల హీటర్ ఒక్కటే 12.5 ఆంపియర్లు లాగుతుంది. సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగకు దాన్ని ఎప్పుడూ తగిలించకండి, ఒకే సర్క్యూట్‌కు రెండు పెట్టకండి.

గ్యాస్ లెక్క కూడా ముందే వేసుకోవాలి. 30 పౌండ్ల సిలిండర్‌లో సుమారు 7 గ్యాలన్ల ప్రొపేన్ పడుతుంది. గ్యాలనుకు సుమారు 91,500 బీటీయూల వేడి, బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం. గంటకు 35,000 బీటీయూల ఫర్నేస్ ఆగకుండా తిరిగితే ఒక సిలిండర్ 18 గంటలే. నిజానికి అది ఆగి ఆగి తిరుగుతుంది కానీ, మంచు తుఫానులో ఆగడం తక్కువ. ఫర్నేస్ ఫ్యాను 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుందని మర్చిపోకండి. కరెంటు లేని చోట గ్యాస్ నిండుగా ఉన్నా బ్యాటరీ అయిపోతే చలే. లిథియం బ్యాటరీని 32 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తక్కువలో చార్జ్ చేస్తే అది పాడవుతుంది, అందుకే తనను తాను వేడి చేసుకునే రకం కానప్పుడు దాన్ని వెచ్చటి అరలోకి మార్చాలి.

నీటి విషయంలో నా మాట వినండి: బయటి కుళాయికి తగిలించిన గొట్టాన్ని రాత్రికి విప్పేసి, ముందే నింపుకున్న ట్యాంకు నుంచి పంపుతో వాడుకోండి. వేడి తీగ చుట్టిన గొట్టం మంచిదే, కానీ క్యాంపు కుళాయి తానే గడ్డకడితే అదేం చేస్తుంది? సింకుల కింద అల్మారా తలుపులు తెరిచి ఉంచండి. మురుగు ట్యాంకుల కవాటాలు మూసి ఉంచి, నిండాకే ఖాళీ చేయండి. తెరిచి వదిలితే సన్నగా కారే నీరు గొట్టంలో పొరలు పొరలుగా గడ్డకట్టి అడ్డుకట్ట వేస్తుంది. అన్నిటికన్నా ముందు గడ్డకట్టేది బండి బయటి పక్కన ఉండే చిన్న షవర్. దాని గొట్టం బయటి గోడకే ఆనుకుని ఉంటుంది. నీరు తీసేసి, ఆ అరలో మందపాటి స్పాంజి కుక్కండి.

చలిలో ఎక్కువ రోజులు ఒకేచోట ఉండేవారు బండి చుట్టూ నేల దాకా నురుగు పలకలతో అంచు కడతారు. గాలి కిందినుంచి కోయకుండా ఆగుతుంది. ఫర్నేస్ పొగ బయటికి వచ్చే నోరు, గ్యాస్ సిలిండర్ల గాలి సందులు మాత్రం మూతపడకూడదు.

లోపల తడి కూడా శత్రువే. మన ఊపిరి, వంట, స్నానం అన్నీ చల్లటి అద్దాల మీద నీరై దిగుతాయి. పడకగది పరుపు కింద, గోడ మూలల్లో బూజు అలాగే పుడుతుంది. పైకప్పు గాలి కిటికీని వేలెడు తెరిచి ఉంచడం వేడి వృథా చేసినట్టు అనిపించినా అలాగే చేయండి. పరుపును కర్ర పట్టీల మీద ఎత్తి ఉంచండి. గదిని వేడి చేయడానికి వంట పొయ్యి మాత్రం ఎప్పుడూ వెలిగించకండి. అది గాలిలోకి తడిని, కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. ఆ వాయువుకు వాసన లేదు, రంగు లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాన్ని పసిగట్టే అలారం చాలావరకు 5 నుంచి 7 ఏళ్లే పనిచేస్తుంది. వెనుక ముద్రించిన తేదీ ఈ రోజే చూడండి.

బండిని చలికాలమంతా వాడకుండా పెట్టేవారు వాటర్ హీటర్ చల్లారాక, వేడి నీటి కుళాయి తెరిచి ఒత్తిడి తీసేసి, ఆ తర్వాతే దాని బిరడా విప్పండి. వేడిగా ఉండగా విప్పితే మరిగే నీరు మీద పడుతుంది. గొట్టాలు గడ్డకట్టకుండా వాటిలో గులాబీ రంగు ప్రొపిలీన్ గ్లైకాల్ రకం ద్రవమే పోయాలి. కారు రేడియేటర్‌లో పోసేది విషం.

మంచు పడిన ఉదయం కదలాల్సి వస్తే, స్లైడ్ గదుల (బటన్ నొక్కితే పక్కకు జరిగేవి) పైకప్పు మీద మంచును ముందు ఊడ్చండి. ఊడ్చకుండా లోపలికి లాగితే ఆ మంచు హాలులోకి వచ్చి కరుగుతుంది, బరువుకు మోటారు కూడా దెబ్బతింటుంది. రబ్బరు అంచులు గోడకు అంటుకుపోయి ఉంటే బలవంతంగా లాగవద్దు. లోపల ఫర్నేస్ వేసి, రబ్బరు వదులయ్యే దాకా ఆగండి.