రోహిణి కార్తె పోయిందని స్పీడు పెంచకండి

మృగశిర కార్తె మొదలైన రెండో రోజు. రాత్రి మంచి వాన పడింది. నెలన్నరగా పొయ్యి మీద పెంకులా కాలిన హన్మకొండ పొద్దున్నే మబ్బు పట్టి, మట్టి వాసన వేస్తోంది. ఇక మన కాలం వచ్చిందనుకుని భద్రకాళి చెరువు వైపు పది కిలోమీటర్ల పరుగు మొదలుపెట్టాను. డిసెంబర్‌లో పరుగెత్తిన స్పీడే, కిలోమీటరుకు ఆరు నిమిషాలు.

ఆరో కిలోమీటరుకే టీషర్టు పిండితే నీళ్లు కారేలా తయారైంది. షూలోకి చెమట దిగి అడుగు వేసినప్పుడల్లా పచక్ పచక్ మంటోంది. తొమ్మిదో కిలోమీటరులో చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఒళ్లంతా కాలిపోతుంటే చలి పుట్టింది! నేను ఆగలేదు, కాళ్లే ఆగిపోయాయి. పక్కన టీ కొట్టాయన "ఏంది తమ్మీ, మొఖం గట్ల తెల్లగైంది? ముందుగాల కూసో" అని చెంబుతో నెత్తిన నీళ్లు పోశాడు. ఇంటికి వచ్చి తూకం చూసుకుంటే పొద్దున 68 కిలోలున్నవాణ్ని 66.4కి దిగాను. కొట్టు దగ్గర తాగిన రెండు గ్లాసుల నీళ్లు కడుపులో ఉండగానే ఆ లెక్క.

మే నెల ఎండలో పరుగెత్తి నాకెప్పుడూ ఇలా కాలేదు. ఎందుకంటే 44 డిగ్రీల ఎండలో బుద్ధున్న వాడెవడూ షూ వేసుకోడు. రామగుండం, మంచిర్యాల వైపు బొగ్గు గనుల ఊళ్లలోనైతే ఏప్రిల్ నుంచే పది దాటాక బయటికి రావాలంటే జంకుతారు. ఆ భయం రోహిణి కార్తెతోనే పోతుంది. చల్లబడిందని అందరూ ఒకేసారి గ్రౌండ్‌కు వస్తారు, ఉక్కపోత మాత్రం అప్పుడే మొదలవుతుంది.

చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, అది ఆరితేనే చల్లబడుతుంది. ఒక లీటరు చెమట చర్మం మీదే ఆరిపోతే దాదాపు 580 కిలో కేలరీల వేడిని పట్టుకుపోతుంది. 65 కిలోల మనిషి పది కిలోమీటర్లు పరుగెత్తితే సుమారు 650 కిలో కేలరీలు ఖర్చవుతాయి, అందులో ముప్పాతిక వంతు వేడిగానే మారుతుంది. అంటే దగ్గర దగ్గర లీటరు చెమట ఒంటి మీదే ఆరాలి. గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే అది ఆరదు, బొట్లు బొట్లుగా కింద పడుతుంది. నేల మీద పడ్డ చెమట మనల్ని చల్లబరచదు, ఒంట్లో నీళ్లు మాత్రం తగ్గిస్తుంది.

ఫోన్‌లో తేమ శాతం చూసి మోసపోవద్దు. డిసెంబర్ పొద్దున 18 డిగ్రీల దగ్గర 85 శాతం తేమ అని చూపిస్తుంది, మే మధ్యాహ్నం 43 డిగ్రీల దగ్గర 20 శాతం అంటుంది. ఈ రెండింటిలోనూ గాలిలో ఉన్న నీటి ఆవిరి దాదాపు ఒక్కటే. జూన్ పొద్దున 28 డిగ్రీలు, 85 శాతం అని కనిపిస్తే మాత్రం ఆవిరి దానికి రెట్టింపుకు దగ్గరగా ఉన్నట్టు. అందుకే వాతావరణం యాప్‌లో డ్యూ పాయింట్ చూడండి, అంటే గాలి ఎన్ని డిగ్రీలకు చల్లబడితే అందులోని ఆవిరి నీటి బొట్లుగా మారుతుందో ఆ లెక్క. పైన చెప్పిన డిసెంబర్, మే లెక్కల్లో అది 15 చుట్టూ ఉంటుంది, జూన్ లెక్కలో 25. నా పద్ధతి ఏమిటంటే, 20 దాటితే వాచీ చూసి పరుగెత్తడం మానేస్తాను, 24 దాటితే స్పీడ్ వర్కౌట్లు పూర్తిగా బంద్. పక్కవాడితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగే స్పీడు చాలు. అది కిలోమీటరుకు ఏడు నిమిషాలైనా సరే. ఆ రోజు నేను చేయనిది ఇదొక్కటే.

ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో పోలీస్ ఉద్యోగాలకు ప్రాక్టీస్ చేసే పిల్లలకు ఈ మాట ఎక్కడం కష్టం. 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో అన్నారు, వాళ్ల కళ్ల ముందు ఆ టైమే ఆడుతుంటుంది. స్పీడు తప్పదంటే 1600 ఒకే బిగిన కాకుండా 400 చొప్పున కొట్టి, మధ్యలో నీడలో రెండు మూడు నిమిషాలు నడవండి. బరువు తగ్గాలని ప్లాస్టిక్ జాకెట్, రెయిన్‌కోటు వేసుకుని పరుగెత్తేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చెమట ఆరే దారి మూసేసి ఒళ్లు చల్లబడాలంటే ఎలా? తగ్గేది నీటి బరువే, సాయంత్రానికి మళ్లీ వస్తుంది.

ఒంటికి వేడి అలవాటు కావడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అప్పుడు చెమట తొందరగా పడుతుంది, అందులో ఉప్పు తక్కువ పోతుంది, గుండె దడ తగ్గుతుంది. మొదటి రోజు ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి, రోజుకు నాలుగైదు నిమిషాలు పెంచుకోండి. రెండు మూడు వారాలు మానేస్తే ఆ అలవాటు చాలావరకు పోతుంది. హైదరాబాద్‌లో ఏసీ గదుల్లో ఉండి సెలవులకు ఊరికి వచ్చి, మొదటి రోజే తమ్ముడితో పోటీ పడేవాళ్లు ముఖ్యంగా పైలం.

ఇక టైము. మే చివర మన దగ్గర 5:40 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. ఐదుకు ముందే మొదలుపెట్టి ఆరుంపావుకు ముగించగలిగితే మంచిది. తేమ శాతం పొద్దున్నే ఎక్కువ కదా, సాయంత్రం పరుగెత్తొచ్చు కదా అని అడుగుతారు. సాయంత్రం ఆరింటికి కూడా తారు రోడ్డు, సింథటిక్ ట్రాక్ పగలు తాగిన వేడిని కక్కుతూనే ఉంటాయి, ఖిల్లా వరంగల్ రాళ్ల మీద చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. నా ఓటు పొద్దుటికే. దూరంగా పోయి తిరిగి వచ్చే బదులు రెండు కిలోమీటర్ల చుట్లు పెట్టుకోండి, నీళ్ల సీసా ఒకచోట ఉంటుంది, పడిపోతే చూసే మనిషీ ఉంటాడు. దూరం పోయి రావాల్సిందే అయితే, గాలి వీస్తుంటే పోయేటప్పుడు వీపుకు, వచ్చేటప్పుడు ముఖానికి తగిలేలా చూసుకోండి. వానలు పడ్డాక చెరువు కట్టల మీద పాములు తిరుగుతాయి, చీకట్లో టార్చ్ తప్పనిసరి.

రాత్రి స్లాబ్ ఇల్లు చల్లారక నిద్ర లేకపోతే మర్నాడు నడక చాలు. ముందు రోజు దావత్‌లో మందు పడిందా, జ్వరం, విరేచనాలు ఉన్నాయా, ఆ రోజు అసలు వద్దు. బీపీకి నీళ్లు పోయే మాత్రలు వాడేవాళ్లు, జలుబుకు మత్తొచ్చే మాత్రలు వేసుకున్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే పరుగు మొదలుపెట్టాలి. కొన్ని మాత్రలు చెమట పట్టనివ్వవు, కొన్ని ఒంట్లో నీళ్లను తోడేస్తాయి.

నీళ్లు ఎంత తాగాలన్నది మీ తూకమే చెబుతుంది. పరుగుకు ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని పలచని బట్టలతో బరువు చూసుకోండి. కిలో తగ్గిందంటే లీటరు చెమట పోయినట్టు. నాలుగైదు సార్లు చూసుకుంటే మీ లెక్క మీకు దొరుకుతుంది. గంటలోపు పరుగైతే దూప అయినప్పుడల్లా మామూలు నీళ్లు తాగితే సరిపోతుంది. గంట దాటితే ఉప్పు కూడా కావాలి. పరుగు తర్వాత బరువు పెరిగిందంటే నీళ్లు మరీ ఎక్కువ తాగినట్టు. రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి, అది కూడా ప్రమాదమే.

ఇంటికి వచ్చాక ఉప్పేసిన పల్చటి మజ్జిగ, తైద అంబలి, జొన్న గట్కలో మజ్జిగ, వీటికి మించినవి నాకు దొరకలేదు. ఓఆర్ఎస్ కొంటే ప్యాకెట్ మీద 20.5 గ్రాములు, లీటరు నీళ్లకు అని ఉందో లేదో చూడండి. డబ్బాలో పండ్ల రసం రుచితో అమ్మేవన్నీ ఓఆర్ఎస్ కాదు. అది లేకపోతే లీటరు నీళ్లలో కొలిచిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలుపుకోవచ్చు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఉప్పు, చక్కెరల గురించి ముందు డాక్టర్‌ను అడగాలి.

బట్టల గురించి పెద్దగా చెప్పేది లేదు. కాటన్ బనియన్ తడిసి ఒంటికి అతుక్కుంటుంది, పలచని డ్రై ఫిట్ నయం. నెత్తిన నీళ్లు పోసుకోవడం పొడి ఎండలో బాగా పనిచేస్తుంది, ఉక్కలో అంతగా కాదు. అక్కడ ఐసు ముక్కలు రుమాల్లో కట్టి మెడకు చుట్టుకోవడమే మేలు.

ఆగాల్సిన గుర్తులు ఇవి: వేడిలో చలి పుట్టడం, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, పిక్కలు పట్టేయడం, మామూలు స్పీడుకే గుండె గొంతులో కొట్టుకోవడం. వీటిలో ఏది కనిపించినా ఇంకో కిలోమీటరే కదా అనుకోవద్దు. నీడలోకి పోయి, పడుకుని, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టుకోండి.

మనిషి తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, మన మాట పట్టించుకోకపోయినా అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవడం పొరపాటు. పరుగులో వచ్చే వడదెబ్బలో చెమట కారుతూనే ఉండొచ్చు. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే మిగతావాళ్లు అంబులెన్స్ కోసం ఎదురుచూడకుండా ఒళ్లంతా తడపాలి. బోరు దగ్గరుంటే దాని కింద కూర్చోబెట్టి తల పట్టుకోవాలి, లేకుంటే తడి తువ్వాళ్లు కప్పి మారుస్తూ గట్టిగా విసరాలి, చంకల్లో, మెడ దగ్గర, గజ్జల్లో ఐసు పెట్టాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర పనిచేయదు, ఇది జ్వరం కాదు. ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటోలో కూడా తడపడం ఆపొద్దు. కోలుకున్నాక కనీసం వారం రోజులు షూ ముట్టుకోకుండా, డాక్టర్ సరే అన్నాకే నడకతో మళ్లీ మొదలుపెట్టాలి.