ఎస్ప్రెస్సో మెషిన్‌లో సున్నం పేరుకుంటే

హైదరాబాద్‌లో బోరు నీళ్లు పోసి వాడుతుంటే కొన్నాళ్లకి కాఫీ ధార సన్నబడి, స్టీమ్ నీరసంగా వస్తుంది, లోపల సున్నం గడ్డకట్టిందన్నమాట. ట్యాంకులో వాటర్ ఫిల్టర్ ఉంటే ముందు తీసేయండి. లీటరు నీళ్లలో 20 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) పూర్తిగా కరిగించి పోయండి (మాన్యువల్‌లో వద్దని ఉంటే మాత్రం సున్నం తీయడానికి కంపెనీ చెప్పిన మందే వాడండి). సగం గ్రూప్ హెడ్ (కాఫీ దిగే భాగం) నుంచి, కాస్త స్టీమ్ గొట్టం నుంచి వదిలి, మెషిన్ ఆపేసి పావుగంట ఆగాక మిగతాది కూడా వదిలేయండి. తర్వాత రెండు ట్యాంకుల మంచినీళ్లు. చుక్క నాలుక మీద వేసుకుంటే పులుపు తగలకూడదు. వెనిగర్ జోలికి పోకండి, ఆ వాసన ఓ పట్టాన వదలదు.

పాలు నురగ కొట్టిన వెంటనే గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచి ఒక్క క్షణం ఆవిరి వదలాలి, ఆరనిస్తే చివరి చిల్లులు మూసుకుపోయి పిన్నీసుతో పొడుచుకుంటూ కూర్చోవాలి.